కలెక్టర్‌ను కాపాడబోయి

ఇప్పుడు మీకొక మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. కాకతీయుల కోట ముట్టడి తర్వాత ఓరుగల్లు ఇంతటి పోరు చూడలేదు. ఒకవైపు ముప్పై మూడు ఇళ్ల సైన్యం. మరోవైపు ఒక్కడే ఒక్కడు. నడుమ నెత్తిన ఎర్రటి కిరీటంతో, ప్రాణాలకు తెగించిన ఒక యోధుడు.

అబద్ధం. అది మా కాలనీ మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, పలకని మైకు, చక్కెర ఎక్కువైన చాయ్. ఆ యోధుడు మా అమ్మ పెంచిన కోడిపుంజు. ప్రాణాలకు అది తెగించలేదు, దాన్ని మాటమాత్రమైనా అడగకుండా దాని తరఫున నేను తెగించాను. అయితే సర్వనాశనం మాత్రం నేను చెప్పిన స్థాయిలోనే జరిగింది కాబట్టి లేవకండి, కూర్చోండి.

మాది కాజీపేట దాటాక, చెరువు కట్ట కింద వెలసిన ప్రశాంత విహార్ అనే కాలనీ. ప్రశాంతత కమాను మీద రాసిన అక్షరాల్లో ఉంది. కమాను దాటితే పగలు నీళ్ల ట్యాంకర్లు, సాయంత్రం ఫంక్షన్ హాలు డీజే, వేళాపాళా లేకుండా రైళ్లు. నాన్నది రైల్వే ఉద్యోగం. ఇంట్లో గొడవ మొదలైతే సిగ్నల్ పడేదాకా అవుటర్‌లోనే ఆగిపోయే మనిషి. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నేను ఇంజినీరింగ్ పూర్తి చేసి సర్కారు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతుండేవాణ్ని. తెలియనివాళ్లకు చెబుతున్నాను, మా దగ్గర ప్రిపేర్ కావడం కూడా ఒక వృత్తే. సెలవులుండవు, జీతముండదు, రిటైర్మెంట్ మాత్రం ఉంటుంది.

ఇక పుంజు. పాలకుర్తి దగ్గరి అమ్మమ్మ ఊరి నుంచి బస్సులో, వంకాయల సంచిలో మూడు కోడిపిల్లలు వచ్చాయి. రెండింటిని పిల్లి తిన్నది. మిగిలినదాన్ని అమ్మ బ్లౌజు ముక్కల బుట్టలో పెట్టి, చేత్తో నూకలు తినిపించి పెంచింది. అది పెరిగి పెద్దదై పుంజని తేలాక దానికి కలెక్టర్ అని పేరు పెట్టింది.

"అదేం పేరే?" అని అడిగాను.

"ఇంట్ల ఒక్కడన్న కలెక్టర్ గావాలె గదరా. నిన్ను జూస్తె నమ్మకం కుదుర్తలేదు."

అప్పటినుంచి మా ఇంట్లో రోజు ఇలా మొదలయ్యేది: "కలెక్టర్ లేసి గంటైంది. నువ్వింక పన్నవ్." అమ్మ మిషన్ తొక్కుతుంటే అది పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఏ కస్టమర్ ఏ చేతుల కొలత తప్పు చెప్పిందో మెడ వంచి వినేది. నాన్నకు చెప్పని కష్టాలు కూడా అమ్మ దానికి చెప్పుకునేది. అది కలెక్టర్లకు ఉండాల్సిన లక్షణమే. అన్నీ వినేది, ఏమీ చేసేది కాదు.

చేసిన పని ఒక్కటే, కూయడం. తెల్లవారుజామున నాలుగింటికి, మా పెరటి గోడ మీద నిలబడి, గోడకు అవతలి వైపు తిరిగి. గోడకు అవతల సత్తయ్య సార్ పడకగది. సత్తయ్య సార్ అంటే రిటైరైన లెక్కల సారు, మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు. ఆయన వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టారు: "నిబంధన పద్నాలుగు ప్రకారం కాలనీలో కోళ్లు పెంచరాదు. ఆదివారం మీటింగులో తీర్మానం చేసి, అదే రోజు తొలగించబడును." కింద ముప్పై మంది దండాలు పెట్టారు. ఒకాయన పొరపాటున కేకు బొమ్మ పెట్టాడు.

అమ్మకు చదివి వినిపించాను. మిషన్ ఆగింది.

"తొలగించుడంటే ఏందిరా? యాడికి?"

"కోడి ఎటు పోతదే? గిన్నెలకు పోతది."

అమ్మ కలెక్టర్‌ను ఒళ్లోకి తీసుకొని, కొంగుతో దాని రెక్కలు తుడిచింది. ఆ దృశ్యం చూసి నా రక్తం ఉడికింది. రక్తం ఉడికినప్పుడు నేను చేసే పనులకు అప్పటికే మంచి పేరు లేదు.

"ఫికర్ జేయకే. నేను మాట్లాడ్త."

"అందుకే ఫికర్" అంది అమ్మ.

నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. రాజ్యాంగం, పర్యావరణం, మూగజీవులు, అన్నీ ఉన్నాయి. ప్రిపేర్ అయినవాడికి జనరల్ స్టడీస్‌కు కొదవా? ఆదివారం కాలనీ అంతా వచ్చింది. అమ్మ చివరి వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. మైకు పలకలేదు. నేను పలికాను.

"సార్, ఫంక్షన్ హాల్ డీజేకు లేని నిబంధన కోడికెందుకు?"

"డీజే కాలనీ బయట ఉన్నది. నీ కోడి నా చెవుల ఉన్నది."

"మరి రైలు కూతలు?"

"రైలు నా గోడెక్కదు."

జనం నవ్వారు. మొదటి పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"కోడి కూస్తేనే గద సార్, తెల్లారేది!"

"తెల్లారేది ఆరింటికి. నీ కోడి నాలుగింటికే తెల్లారుస్తాంది. రెండు గంటల తేడా. రోజుకు రెండు, నెలకు అరవై. అరవై గంటల నిద్ర ఎవలిస్తరు?"

లెక్కల సారుతో వాదనకు దిగకూడదని పదో తరగతిలోనే తెలిసి ఉండాల్సింది. మా ఎదురింటి మరియమ్మ ఆంటీ లేచి నిలబడింది. ప్రతి ఆదివారం చర్చికి పోతూ అమ్మ కుట్టిన బ్లౌజే వేసుకుంటుంది కాబట్టి మా పక్షమే అనుకున్నాను.

"పిల్లగాన్ని గట్ల బెదిరియ్యకున్రి సార్. ఏం సాగర్, గుడ్లు పెడ్తదా మరి?"

"అది పుంజు ఆంటీ."

"అయితే నేను గూడ సార్ దిక్కే" అని కూర్చుంది.

ఇంటికో ఓటు. ముప్పై మూడు చేతులు లేచాయి. నేను వెనక్కి చూశాను. అమ్మ చూపు చేతుల మీద లేదు, నా మీద ఉంది. సార్ పెన్ను మూత తీశారు. ఇంకొక్క నిమిషంలో కలెక్టర్ మీద తీర్మానం పడుతుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరుకుతుందంటారు, నాకు ఏకంగా అమ్మవారు దొరికింది.

"ఆగున్రి సార్! దాన్ని తీసెయ్యరాదు. అది కట్ట మైసమ్మకు మొక్కిన కోడి!"

అంత నిశ్శబ్దం ప్రశాంత విహార్‌లో అదే మొదటిసారి. సత్తయ్య సార్ చెప్పులు విడిచి లెంపలేసుకున్నారు.

"ముందుగాల చెప్పొద్దా బిడ్డా! మొక్కిన కోడినా నేను గింతసేపు తిట్టింది? ఏం మొక్కు?"

ఇది సిలబస్‌లో లేని ప్రశ్న. నా బుర్రలో ఆ క్షణాన ఉన్న ఒకే ఒక్క కోరిక నోట్లోంచి దూకేసింది.

"నాకు ఉద్యోగమొస్తే... కోసి ఇస్తమని."

ముప్పై మూడు ఇళ్లవాళ్లూ నన్ను ఎగాదిగా చూశారు. వెనకనుంచి ఎవరో నిట్టూర్చారు: "అయితే ఆ కోడి ముసల్దైతది తియ్."

సార్ పుస్తకంలో రాసుకున్నారు: "సాగర్‌కు ఉద్యోగం వచ్చి మొక్కు తీరునంతవరకు సదరు పుంజును అనుమతించడమైనది."

గెలిచాను. ఊరేగింపు లేదన్న లోటు తప్ప ఇంటికి రాజులా నడిచాను. అమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్లి, పసుపు తడిపి, దారానికి రాసి తెచ్చి కలెక్టర్ కాలికి కట్టింది.

"ఏం జేస్తానవే?"

"మొక్కు కడ్తాన."

"అమ్మా, అది ఉత్తగ అన్ననే! మీటింగ్ కోసం!"

"అమ్మోరి పేరు మీద ఉత్తగ అనుడుంటదారా? మందిల నోరు జారినవ్. అన్నవంటే అన్నట్టే. ఇప్పుడు తప్పితే తల్లి ఊకుంటదా?"

"అంటే... నాకు నిజంగ ఉద్యోగమొస్తే?"

అమ్మ కలెక్టర్ వైపు చూసింది. కలెక్టర్ నా వైపు చూసింది. రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవకూడదంటారు. ఇక్కడ తల పెట్టింది నేను, పోటు దానికి.

ఆ తర్వాతి రోజుల్లో మా కాలనీలో జరిగినంత నిరుద్యోగ నిర్మూలన ఇంకెక్కడా జరిగి ఉండదు. గ్రూపు నిండా ఉద్యోగ ప్రకటనలు. కనబడినవాడల్లా "ఏమైంది తమ్మీ, ఎప్పుడొస్తది?" అని అడగడం, అడుగుతూ నా భుజం మీదుగా కోడి బరువు అంచనా వేయడం. మరియమ్మ ఆంటీ "మా చర్చిల గూడ నీ పేరు మీద ప్రార్థన పెట్టిచ్చిన" అంది. ఇక సత్తయ్య సార్ రోజూ పొద్దున ఐదింటికి తమ ఇంట్లో నాకు ఉచితంగా లెక్కల కోచింగ్ మొదలుపెట్టారు. ఎలాగూ నాలుగింటికే లేస్తున్నారు కదా.

మరోవైపు కలెక్టర్‌కు రాజయోగం పట్టింది. కాలికి పసుపు దారముంది, అదిలించే ధైర్యం ఎవరికీ లేదు. సార్ కుండీలోని కొత్తిమీరను కెలికేస్తుంటే ఆయన చేతులు కట్టుకొని, "జర పక్కకు జరుగమ్మా" అని బతిమాలుకునేవారు.

ఒకరోజు కోచింగ్‌లో నేను నీరసంగా, "సార్, పెద్ద నోటిఫికేషన్లు వస్తలెవ్వు. కాంట్రాక్టు దానికేమన్న పెట్టుకోనా?" అన్నాను.

సార్ బల్ల మీద చరిచారు. "కాంట్రాక్టా? అది ఉద్యోగమే కాదు! నా శిష్యుడు గసుంటి దానికి పోవద్దు. ఉద్యోగమంటే పర్మినెంట్!"

గోడ అవతల మా పెరట్లో బట్టలు ఆరేస్తున్న చప్పుడు ఆగింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంట్లో అమ్మ పరిస్థితి చెప్పలేం. నేను పుస్తకం తెరిస్తే చాలు, మిషన్ దగ్గరనుంచి కేక: "జర పండుకోరాదు బిడ్డా, కండ్లు గుంజుకపోయినయ్." కొడుకును చదవొద్దని బతిమాలిన తల్లి ఈ జిల్లాలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. మళ్లీ అంతలోనే కళ్లొత్తుకుని, "ఏం తల్లినిరా నేను... సదువుకో, సదువుకో" అనేది. ఒక చేతిలో కొడుకు, ఇంకో చేతిలో కోడి. ఆమె బాధ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. నేను నవ్వాను, తన్నులు తిన్నాను.

పెద్ద పరీక్ష ఒకటి రాశాను, పోయింది. కలెక్టర్ కోసం కావాలనే తప్పులు రాశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. నిజానికి నాకు రాలేదు.

ఆ వారమే అమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. "బ్లౌజులు కుట్టిచ్చుకునే మేడం ఇచ్చింది. వాళ్ల ఆఫీసుల కంప్యూటర్ పనికి మనిషి గావాల్నట. పెట్టు."

"వస్తే మరి...?" అని పుంజు వైపు చూపించాను.

"నువ్వు పెట్టు" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

వచ్చేసింది. ఈ వార్త మా నాన్నకంటే ముందు కాలనీకి తెలిసింది. ఆదివారం పొద్దున్నే తలో గిన్నె పట్టుకొని జనం మా వాకిట్లో దిగారు. మరియమ్మ ఆంటీ ముందే చెప్పేసింది: "అమ్మోరికి పెట్టింది మాకు నడ్వది. నాకు బగార అన్నం జాలు." సత్తయ్య సార్ కొత్త చొక్కా వేసుకొచ్చారు. ఆయన మొహంలో అంత కాంతి ఎన్నడూ చూడలేదు. అరవై గంటల నిద్ర ఆ కళ్లలో అప్పుడే కనబడుతోంది.

"మైసమ్మ దయ! కోసేటాయనతోని నేనే మాట్లాడిన. పదింటికల్ల వస్తడు. యాడున్నదమ్మా కోడి?"

నేను పెరటి వైపు చూశాను. అమ్మ తొణక్కుండా లోపలికెళ్లి నా ఆర్డర్ కాగితం తెచ్చి సార్ చేతిలో పెట్టింది.

"జర అందరికి ఇనబడేటట్టు సదువున్రి సార్."

సార్ కళ్లజోడు సర్దుకొని, క్లాసులో చదివినట్టు మొదలుపెట్టారు. "సదరు అభ్యర్థిని కంప్యూటర్ ఆపరేటర్‌గా... పదకొండు నెలల కాలానికి... కాంట్రాక్టు..." గొంతు డీజిల్ అయిపోయిన బస్సులా మెల్లమెల్లగా ఆగిపోయింది.

"కాంట్రాక్టుది ఉద్యోగమే కాదంటిరి గద సార్?" అంది అమ్మ, ఎంతో వినయంగా. "పర్మినెంటైతేనే ఉద్యోగమంటిరి. బట్టలారేసుకుంట నా చెవులార ఇన్న."

"అమ్మా, అది... పిల్లగాడు మంచిగ సదువాలెనని అన్న!"

"సదువు చెప్పిన గురువు మాట కాదనేటందుకు నేనెంతదాన్ని సార్? మొక్కేమో ఉద్యోగానికి. మీ లెక్కల పిల్లగానికి ఇంక ఉద్యోగమే రాలె."

సార్ పుస్తకం తెప్పించి తీర్మానం మళ్లీ చదివారు. ఉద్యోగం అనే ఉంది. అది రాసింది ఆయనే. ఆ సమయంలో కలెక్టర్ ఒక్క కూత కూసి ఉంటే కథకు ఎంతో అందం వచ్చేది. అది నూకలు తింటోంది.

గిన్నెలు తెచ్చినవాళ్లందరికీ అమ్మ బగార అన్నం, కోడిగుడ్ల పులుసు పెట్టింది. గుడ్లు కిరాణా కొట్టువి. సార్ రెండుసార్లు వడ్డించుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా చెవిలో మాత్రం, "రేపు ఐదింటికి రా. పర్మినెంట్ కొట్టాలె" అన్నారు. పగకు అంత దగ్గరగా ఉండే శిష్యవాత్సల్యం నేనింకెక్కడా చూడలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట నేను గంభీరంగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ సంఘపు నిబంధననూ ఎదిరించను. ఎదిరించినా అమ్మవారిని వకీలుగా పెట్టుకోను. పెట్టుకున్నా నా ఉద్యోగాన్ని ఫీజుగా రాసివ్వను. దీన్ని ఒట్టు అనుకోకండి, ఉత్త మాట. ఒట్టని అమ్మ చెవిన పడితే ఈసారి పసుపు దారం నా కాలికి కడుతుంది.

కాంట్రాక్టు రెన్యువల్ మార్చిలో. రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు తీసుకెళ్లాలి.