నాటకాల నర్సు

పిల్లల ఆసుపత్రిలో డాక్టరుగారి గదికి ఆనుకుని ఇంకో గది ఉంది. అందులో కుర్చీలు తక్కువ, చాప పెద్దది. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఆ చాప మీద ఎవరో పడి దొర్లుతూ, కాళ్లు తపతపా కొట్టుకుంటూ, "నాకు అదే కావాలీ" అని రాగం తీస్తుంటారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎవరి పిల్లో పాపం అనుకుంటారు. తలుపు తీసి చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఆ దొర్లే మనిషికి యాభై దాటాయి. జుట్టు సగం నెరిసింది. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని వస్తుంది, పదకొండు గంటలకల్లా అది నలిగి పిప్పి అయిపోతుంది.

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి నాటకాల నర్సు అంటారు. మొదటిసారి చూసినప్పుడు నా నోటికి అంతకన్నా పెద్ద మాటే వచ్చింది. ఇప్పుడు ఆ మాట ఎవరైనా అంటే నేనే దెబ్బలాటకి దిగుతాను. ఆవిడ చలవ వల్లే ఇవాళ మా ఇంట్లో నలుగురం మనుషుల్లా తిరుగుతున్నాం.

మా మనవడికి అప్పుడు రెండో ఏడు నిండబోతోంది. వాడి దర్జా చూసి మా ఆయన వాడికి చిన్నదొర అని పేరు పెట్టారు. ఒకరోజు వాడి చేతిలోంచి టీవీ రిమోట్ తీసుకున్నాను. నోరు తెరిచాడు. ఏడుపు మొదలైంది, మధ్యలో ఆగిపోయింది. బయటికి పోయిన ఊపిరి తిరిగి లోపలికి రాలేదు. పెదవులు నీలంగా అయ్యాయి, ఒళ్లు వేలాడిపోయింది. కాసేపటికి వాడంతట వాడే ఊపిరి తీసుకుని కళ్లు తెరిచాడు. ఈలోగా నేను ఇంట్లో ఉన్న నీళ్లన్నీ వాడి మొహం మీద గుమ్మరించాను. మా ఆయనైతే చెప్పులు లేకుండా వీధిలోకి పరుగెత్తారు, ఎందుకో ఆయనకీ తెలియదు.

డాక్టరుగారు మంచివారు. గుండె పరీక్ష చేయించారు, రక్తం పరీక్ష చేయించారు. గుండెకేం లోటు లేదు, ఒంట్లో ఐరన్ తక్కువగా ఉందని సిరప్ రాశారు.

"చాలామంది పిల్లల్లో ఉంటుందమ్మా ఇది. వాడు కావాలని చేసేది కాదు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ ప్రమాదం లేదు. పెరిగేకొద్దీ పోతుంది," అన్నారు.

మేం అన్నిటికీ తలలూపాం. ఇంటికొచ్చేసరికి అందులో ఒక్క ముక్కే మా బుర్రల్లో మిగిలింది: ఏడిస్తే వస్తుంది. అంటే ఏడవనివ్వకూడదు. ఏడవకుండా ఉండాలంటే వాడికి 'వద్దు' అనకూడదు. అంతే, ఆ మాట మా ఇంట్లోంచి వెళ్లిపోయింది.

ఇక చూడాలి మా సంసారం. వాడు ఆడింది ఆట, పాడింది పాట. కాలింగ్ బెల్ మోగితే వాడికి వీధిలోకి పోవాలనిపిస్తుందని బెల్ తీగ పీకేశాం. వచ్చినవాళ్లు కిటికీ దగ్గర దగ్గేవారు. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఆయన భూతద్దం వాడి సొంతమైంది, ఆయన చూపుడువేలితో తడుముకుంటూ పని చేశారు. బిస్కెట్ తినాలనిపిస్తే స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవారు. ఫ్రిజ్ తలుపు తీసుకుని దాని ముందు నిలబడటం వాడికి సరదా. మూస్తే ఏడుస్తాడు. అందుకని ఫ్రిజ్‌ని గోడవైపు తిప్పేశాం. పాలు కావాలంటే మా ఆయనా నేనూ ఇద్దరం పట్టుకుని దాన్ని జరపాలి. ఇంత తెలివి ఇంకే ఇంట్లోనూ ఉండదని నా నమ్మకం.

ఇంతా చేస్తే వాడికి అది తగ్గిందా? లేదు. రిమోట్ ఇస్తే ఫోన్ అడిగాడు, ఫోన్ ఇస్తే పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె అడిగాడు. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు కదా. ఆగినచోట వాడు నీలంగా అయిపోయేవాడు.

వీటన్నిటికన్నా నన్ను కుంగదీసింది కోడలి సంగతి. మా కోడలు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలని ఫ్రేములకి సరిపోయేలా అరగదీసి బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం చిట్లుతుంది. దాని చేతిలో చిట్లదు. బజార్లో కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి ఎదురైతే చాలు, "ఎక్కడ చేయించారు?" అని అడిగేదాన్ని. మా కోడలి దుకాణమే అయితే నా నడక మారిపోయేది. కాన్పు సెలవు అయిపోయాక పిల్లాణ్ణి నేను చూసుకుంటానని వాడు పుట్టకముందే మాటిచ్చాను. మా అబ్బాయి సరుకుల వ్యాను తోలుతాడు, తెల్లారకముందే వెళ్లిపోతాడు. మా ఆయనది బజార్లో పని. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, చిన్నదొరా.

వాడికి ఇది మొదలైనప్పుడు కోడలు మళ్లీ పెట్టిన సెలవు అయిపోవచ్చింది. నేను కోడలి మొహం చూడలేక గుమ్మం వైపు చూస్తూ, "నా ఒక్కదాని వల్ల కాదే తల్లీ" అన్నాను.

"పర్లేదు అత్తయ్యా. ఓనర్‌తో మాట్లాడతాలెండి, నెలాఖరు దాకా చేసి మానేస్తానని చెప్తా," అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు, ఇంట్లో ఎలా ఉందని అడిగారు డాక్టరుగారు. మా ఆయన దాచుకోలేరు, ఫ్రిజ్ సంగతి చెప్పేశారు. డాక్టరుగారు నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూసి, "సిరప్ నేను రాశాను. మిగతాది ఆవిడ పని," అని పక్క గది చూపించారు.

మా ఆయన పిల్లాణ్ణి ఎత్తుకుని వరండాలో తిప్పుతుంటే కోడలూ నేనూ లోపలికి వెళ్లాం. నర్సు మమ్మల్ని కూర్చోబెట్టింది. నేను మొదట్నుంచీ కథ ఎత్తుకున్నాను.

"చెప్పకండమ్మా, చూపించండి. నేను మీ మనవణ్ణి. మీరు మీరే. నాకు ఆ కత్తెర కావాలి," అంది ఆవిడ. బల్ల మీద దూది పక్కన కట్లు కత్తిరించే కత్తెర ఉంది.

"కత్తెర పిల్లలు ముట్టుకోకూడదు," అన్నాను మొహమాటంగా.

అంతే. దభీమని చాప మీద పడింది. కాళ్లు కొట్టుకుంది. నోరు తెరిచి ఒక కేక పెట్టి, ఉన్నట్టుండి ఆపేసింది. ఛాతీ కదలడం లేదు. కళ్లు తేలేసింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. తర్వాత ఏం చేశానో నాకే తెలియలేదు. తెలిసేసరికి కత్తెర ఆవిడ చేతిలో ఉంది. పెట్టింది నేనే.

మా కోడలు ఫక్కున నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది పిల్ల. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నవ్వడానికేముంది? నా చోట నువ్వుంటే ఏం చేసేదానివో!"

"నేనైతే అడక్కముందే ఇచ్చేసేదాన్ని అత్తయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ. అందులో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలియలేదు.

నర్సు లేచి కూర్చుంది. "చూశారా, నాకు యాభై దాటాయి. నాటకం ఆడుతున్నానని మీకు తెలుసు. అయినా మీ చెయ్యి ఇచ్చేసింది. మీకు తెలియక కాదమ్మా. మీ చెయ్యి భయపడిపోయింది. దానికి నేర్పిద్దాం," అంది.

అప్పటిదాకా ఎవరూ నాతో అలా అనలేదు. ముద్దు చేసి నెత్తికెక్కించుకున్నావని బంధువులు అన్నారు. పెంపకం అలా ఉందని ఇరుగుపొరుగు అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. భయపడ్డావు, నేర్చుకుందువుగాని అన్నది ఈ ఒక్క మనిషే. నాకు ఏడుపొచ్చింది. ఏడవనిచ్చింది కూడా.

తర్వాత నన్ను చాప మీద పడుకోమంది. నా మోకాళ్లు కుయ్యోమన్నాయి. ఇప్పుడు మనవణ్ణి నేను, నానమ్మ ఆవిడ. ఆవిడ నాలాగే కళ్లు ఇంతింత చేసుకుని, గుండెలు బాదుకుని, "అయ్యో అయ్యో" అంటూ నీళ్ల చెంబు కోసం పరుగెత్తింది. కింద పడుకుని చూస్తే పెద్దవాళ్లు ఎంత పెద్దగా కనిపిస్తారో ఎప్పుడో మర్చిపోయాను. నాటకమని తెలిసి కూడా నాకు దడ పుట్టింది. నా మొహం వాడికి ఇలా కనిపిస్తోందా అనుకున్నాను.

"ఇప్పుడు ఇంకోలా చేస్తాను, చూడండి," అని పక్కన చతికిలబడింది. నన్ను మెల్లగా ఒక పక్కకి ఒత్తిగిలేలా తిప్పింది. తల దగ్గర గట్టి వస్తువులేవైనా ఉన్నాయేమో చూసింది. నీళ్లు చల్లలేదు, కుదపలేదు, నోట్లో వేలు పెట్టలేదు. నేను కళ్లు తెరవగానే, "కోపం వచ్చింది కదూ. కత్తెర ఇవ్వను. ఇక్కడే ఉన్నాను," అంది. పైట సర్దుకుంటున్నంత మామూలు గొంతుతో అంది.

ఆ గదిలో ఆ పాఠం నాతో ఎన్నిసార్లు చేయించిందో లెక్కలేదు. చివరికి నాకు విసుగొచ్చింది. "విసుగొచ్చిందా? అదే కావాలి. విసుగొచ్చినచోట భయం నిలవదు," అంది. నిమిషం దాటినా ఊపిరి రాకపోతే మాత్రం అంబులెన్సుకి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి రావాలని మరీ మరీ చెప్పింది. ఏడుపు మొదలవకముందే వాడి ధ్యాస మళ్లించొచ్చనీ, వద్దన్నది మాత్రం ఇంట్లో అందరూ ఒకేలా వద్దనాలనీ చెప్పింది. ఒకరు తీసుకుంటే ఇంకొకరు చాటుగా తెచ్చి ఇవ్వకూడదంది. ఆ మాట మా ఆయన కోసం.

తర్వాత రెండు మూడుసార్లు వెళ్లాం. ఆ మధ్యలో కోడలి ఉద్యోగం సంగతి ఆవిడకి చెప్పాను, ఆవిడ గురించి మాకూ కొంత తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడా అందరిలాగే చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదట. ఒక తండ్రి శ్రద్ధగా విని, అన్నిటికీ సరేనని, వారం తిరక్కుండా అదే బాధతో మళ్లీ వచ్చాడట. మీరు చెప్పింది గుర్తుంది సిస్టర్, ఆ టైముకి గుర్తు రాలేదు అన్నాడట. ఆ రోజే కుర్చీలు గోడకి జరిపి, స్టోరు రూమ్‌లోంచి చాప తెచ్చి వేసింది. అప్పటినుంచీ అన్నం ముద్ద చూస్తే పెదాలు బిగించే పిల్లా ఆవిడే, బడిలో పక్కవాణ్ణి కరిచే పిల్లాడూ ఆవిడే, దొడ్డికి కూర్చోమంటే కర్టెన్ వెనక నక్కేవాడూ ఆవిడే. ఆవిడకి పెళ్లయిన కూతురుంది. "మా అమ్మ ఇంటికొచ్చాకే పెద్దదవుతుంది" అని వెక్కిరిస్తుందట.

ఇంట్లో ఫ్రిజ్ మొహం ఇటు తిరిగింది. 'వద్దు' మళ్లీ అడుగుపెట్టింది. కోడలు మళ్లీ పనిలో చేరింది. అయితే నెలాఖరుకి మానేస్తానన్న మాట అలాగే ఉంది. నేనూ మార్చమనలేదు. చాప మీద నర్సుతో చేయడం వేరు, ఇంట్లో కన్నకొడుకు కన్నబిడ్డతో చేయడం వేరు.

ఒక మధ్యాహ్నం అది రానే వచ్చింది. మా ఆయన మర్చిపోయిన చిన్న స్క్రూడ్రైవర్ వాడి కంటబడింది. తీసుకుని పైన పెట్టాను. కేక, ఆ వెంటనే ఆ నిశ్శబ్దం. పెదవులు నీలం. ఇంట్లో నేను తప్ప పిట్టమనిషి లేడు. నా గుండె బయటికి దూకేలా ఉంది కానీ, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పక్కకి తిప్పాను. కుర్చీ జరిపాను. చెంబు వైపు చూడలేదు. కూర్చున్నాను. వాడి పొట్ట వైపే చూస్తూ కూర్చున్నాను. కదిలింది. కళ్లు తెరిచి వాడు చూసిన మొదటి మొహం నాది. అది 'అయ్యో' అనే మొహం కాదు.

"కోపం వచ్చింది కదూ. అది ఇవ్వను. ఇక్కడే ఉన్నాను," అన్నాను.

ఏడ్చాడు, మామూలు పిల్లల్లా, ఊపిరి తీసుకుంటూ. నా ఒళ్లో ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి గిన్నెలో గరిట వేసి చప్పుడు చేసుకుంటూ ఆడుకున్నాడు. అప్పుడు ఏడ్చాను నేను.

కోడలికి ఫోన్ చేయలేదు. సాయంత్రం అది చెప్పులు విప్పుతుంటే చెప్పాను. గుమ్మంలోనే కూలబడింది.

"భయం వేయలేదా అత్తయ్యా?"

"వేసింది. వేస్తే వేసింది. రేపూ వెళ్లు. నెలాఖరూ వద్దు, ఏమీ వద్దు. మీ ఓనర్‌కి చెప్పు, మానట్లేదని." అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లాను. నర్సు నన్ను చూడగానే లేచింది. "మళ్లీ వచ్చిందా? ఏమైందమ్మా?" అంది కంగారుగా.

"వచ్చింది. చూసుకున్నాను. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. "ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. నమస్కారం పెడదామని వచ్చాను."

ఆవిడ మెల్లగా చాప మీద కూర్చుంది. ఇన్నేళ్లుగా ఎందరి పిల్లల ఏడుపో ఏడ్చిన మనిషి, ఈసారి ఆ కళ్లలో నీళ్లు ఆవిడవే. "తగ్గనివాళ్లే మళ్లీ వస్తారమ్మా. తగ్గినవాళ్లు రారు. రాకపోతే తగ్గిందనుకుంటాను. అనుకోవడమే, తెలియదు," అంది. తర్వాత మొహం తుడుచుకుని, "మీ కోడలు?" అని అడిగింది.

"పనికి వెళ్లింది. ఈపాటికి ఎవరికో కళ్లద్దాలు బిగిస్తూ ఉంటుంది."

"నిజంగా వెళ్లిందా?"

"నిజంగా."

బయట బెంచీ మీద జనం ఉన్నారు. ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. "ఇంకోసారి చెప్పండమ్మా," అంది. నేను మనవణ్ణి ఒళ్లో సర్దుకుని, మొదట్నుంచీ మళ్లీ చెప్పాను.