జిట్టంగి కాలి తాయెత్తు

ఆ కోపం నాకింకా చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు.

డెబ్బైల్లో నేను కరెంటాఫీసులో గుమాస్తాను. చలికాలం ఆదివారాలు తెల్లవారుతుండగానే నలుగురం మూసీ ఒడ్డున రెల్లుగడ్డిలో సన్నటి వల కట్టేవాళ్లం. జీతం బత్తెం లేని పని. చలిదేశాల నుంచి వచ్చే జిట్టంగులు, ఆ తోక ఊపుకుంటూ తిరిగే గుప్పెడంత పిట్టలు, వలలో పడితే కాలికి నంబరున్న చిన్న అల్యూమినియం ఉంగరం తొడిగి వదిలేయాలి. మళ్లీ ఎక్కడ దొరికినా ఆ నంబరును బట్టి దాని రాకపోకలు తెలుస్తాయి.

నేను తొడిగిన ఉంగరంతోనే ఒక పిట్ట మరుసటి చలికాలం అదే రెల్లులోకి తిరిగొచ్చింది. నంబరు చదివి, నమ్మలేక మళ్లీ చదివాను. మాకు పని నేర్పిన పెద్దాయన మాత్రం, "మూడో ఏడు కూడా రానీ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. ఏడాదంతా ఆ మూడో రాక కోసమే బతికాను. నవ్వితే నవ్వండి.

మూడో చలికాలం సగమైనా పిట్ట వలలో పడలేదు. ఒకరోజు గౌలిపురలో మేం పాలు పోయించుకునే ఇంటికి వెళ్తే, దూడ మెడలో నల్లదారానికి ఏదో తళుక్కుమంది. మట్టి తుడిచి చూశాను. నా నంబరే.

"ఏందక్కా ఇది?" అని అరిచాను.

పాలామె బెదరలేదు. "తాయెత్తు సారూ. పోయినేడు దూడ సచ్చిపాయె గద. గందుకే మా ఆయన మూసీల బర్లను మేపంగ ఉచ్చు పెట్టి ఆ పిట్టను వట్టుకొచ్చిండు. దాని ఛల్లా, గదే ఉంగురం, తీస్తుంటె కాలు ఇరిగింది. జర్రసేపట్లనే పానం వోయింది."

మూడోసారి కూడా వచ్చిందన్నమాట! నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమెను, ఇంట్లో లేని ఆమె మొగుణ్ణి, ఆఖరికి ఆ దూడను కూడా. గల్లీ అంతా గుమిగూడింది.

అంతా విని ఆమె అంది: "గింత లొల్లి ఎందుకు సారూ? పిట్టకు ఏం కడుతున్నరని నేనడిగితె తాయెత్తని మీరే అంటిరి. గది ఉంటె యాడికి వోయినా పైలంగ మల్లొస్తదంటిరి. సదువుకున్నోళ్లు, అబద్దమాడుతరా?"

అన్నాను. మొదటి ఏడు, రెల్లు పక్కన గేదెలు తోలుకుపోతూ ఆమె అడిగితే, విడమరిచి చెప్పే ఓపిక లేక వెటకారంగా అన్నాను. ఈమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఆమె దారం తెంపి ఉంగరం నా చేతిలో పెట్టింది. "తీస్కోండ్రి. దూడకేమన్నయితె మీదే జిమ్మ."

ఆ ఆదివారం పెద్దాయన ముందు రిజిస్టరు తెరిచాను. చావుకు కారణం అన్న గడిలో 'ఉచ్చు' అని రాసి సంతకం పెట్టాను. తాయెత్తు మాట ఎవరిదో రాయలేదు.