ఘన ఇంధనం కలిపే పని

తోటి అమ్మాయిలంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరుతున్న రోజులవి. కెమిస్ట్రీ చదివిన నేను మొయినాబాద్ అవతల, రాకెట్లకు ఘన ఇంధనం తయారుచేసే ఒక కార్ఖానాలో చేరాను. చేవెళ్ల దగ్గర ఆలూరులో ఉండే మా అమ్మకు అది నచ్చలేదు. అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను.

పని పిండి కలపడం లాంటిదే. రబ్బరు జిగురులో అల్యూమినియం పొడి, మంటకు ఆక్సిజన్ అందించే ఒక ఉప్పు వేసి యంత్రం కలుపుతుంది. మేం దూరంగా, మందపాటి గోడ వెనక గదిలో కూర్చుని తెర మీద చూస్తాం. అంతా అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకే రాపిడికి రవ్వలు లేచే నైలాన్ చున్నీ వేసుకోకూడదు. సెల్‌ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేయాలి.

ఒక మధ్యాహ్నం మా కార్ఖానా వైపు కొత్త ప్లాట్ల కోసం ఎవరో బండలు పేల్చారు. మొయినాబాద్‌లో టమాటలు అమ్ముతున్న అవ్వకు ఆ చప్పుడు వినిపించింది. నాకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. గంప పక్కావిడకు అప్పజెప్పి, ఆటోలో మా గేటుకు వచ్చింది. లోపల ఏమీ కాలేదని వాచ్‌మన్ చెప్పినా నమ్మక, నా షిఫ్ట్ అయ్యేదాకా ఎండలోనే నిలబడింది.

నేను బయటికి రాగానే నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది.

"గంత సప్పుడైతే ఫోనెత్తవైతివి. నా పానం పోయినట్టయింది బిడ్డా."

"బండలు పేల్చిండ్రవ్వా. మాది కాదు."

బస్సు కోసం నడుస్తుంటే అడిగింది. "గీ మందు అంటుకుంటే ఎట్ల ఆర్పుతరు?"

అబద్ధం నోట రాలేదు. "ఆర్పుడు ఎవ్వలతోని కాదు. అయిపోయేదాంక కాలుడే. రాకెట్‌ను నేల మీదికెళ్లి లేపేటందుకు ఒక్కపారే మస్తు బలం గావాలె. అందుకే ఇది పెడ్తరు."

"ఆర్పేటిది ఇంకోటి లేదా?"

"ఉన్నది. కిరసనాయిలు, నీళ్ల లెక్క చేసిన ఆక్సిజన్. వాల్వు బంద్ జేస్తే ఆగుతది."

"మరి దానికి మారరాదు?"

ద్రవాల్లోనే ఇంకో రకం ఉంది. రెండూ తాకితే చాలు, నిప్పు లేకుండానే భగ్గుమంటాయి. ఉపగ్రహాలను అటూ ఇటూ జరపడానికి వాడతారు. వాటి ఆవిరి విషం. అది చెప్పలేదు.

"అడుగుత తియ్యవ్వా" అన్నాను. మా కార్ఖానాలో ద్రవ ఇంధనం లేనే లేదు.

బస్సులో చేవెళ్ల వచ్చేదాకా అవ్వ నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు యంత్రం మీట మీద నా వేలు ఆగిపోయింది. అంతకు ముందెన్నడూ అలా కాలేదు.

"ఏమైంది?" అన్నాడు పక్కనున్న సీనియర్.

"ఏం లేదన్నా" అని నొక్కాను. తెర మీద బ్లేడ్లు తిరగసాగాయి. అవి ఆగేదాకా నేను టీకి కూడా లేవలేదు.