ఊరు వదిలినవాళ్ళ ఇంటిపేరు

న్యూజిలాండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్‌లో మా వీధి ఇళ్ళ ముందున్న ఉత్తరాల పెట్టెలన్నిటిమీదా అంకెలే ఉంటాయి. మా పక్కింటి పెట్టెకు మాత్రం అంకె కింద ఒక చెక్క, దానిమీద ఇంటిపేరు. నేను యాభై దగ్గరపడ్డాక తెలుగు చదవడం నేర్చుకున్నదాన్ని. మా అమ్మాయి దగ్గరికి వచ్చాక లైబ్రరీలో జరిగే క్లాసుకి వెళ్ళి ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుకున్నాను. కొత్తగా చదువు వచ్చినవాళ్ళకి కంటబడ్డదల్లా చదవాలనిపిస్తుంది. బస్సుల మీద రాతలు, వీధి చివర డెయిరీ కొట్టు అద్దం మీద పాల ధరలు, అన్నీ చదివేదాన్ని. ఆ చెక్క దగ్గర మాత్రం నా చదువు ఆగిపోయింది. ఒకరోజు ఉదయం దాని ముందు నిలబడి పెదవులు కదుపుతుంటే, గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్న ముసలావిడ తలెత్తి, తొందరేం లేదు, అందరూ అక్కడే ఆగుతారు అంది.

అలా పరిచయమైంది. ఎనభై దాటిన మనిషి. నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. మా అమ్మాయీ, మనవరాలూ ఆంటీ అంటారు. నేను ఏ వరసా పెట్టకుండా మీరు అనే అర్థం వచ్చేలా నాకొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడతాను. ఆవిడ ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే ఆవిడ పేరు రాసినట్టే. ఎందుకంటే ఆ ఇంటిపేరు న్యూజిలాండ్ మొత్తంమీద ఆవిడ ఒక్కదానికే ఉంది.

ఈ మాట నేను ముందు నమ్మలేదు. మా కోస్తావైపు ఎవరైనా కొత్తవాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న ఇంటిపేరే. అది తెలిస్తే మనిషి ఏ వైపు వాడో, ఎవరికి చుట్టమో, పిల్లనివ్వొచ్చో లేదో సగం తేలిపోతుంది. ఇక్కడ ఉగాది భోజనాల్లో కూడా చేతిలో ప్లేటుతో నిలబడ్డవాళ్ళలో ఒకే ఇంటిపేరు వాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. వెంటనే అన్నయ్యా, చెల్లెమ్మా అని పిలుచుకుంటారు. ఇన్నేళ్ళలో తన ఇంటిపేరున్న మనిషి తన ఇంటివాళ్ళలో తప్ప బయట ఒక్కరూ ఎదురుపడలేదని ఆవిడ చెబితే, అంత ఒంటరితనం ఉంటుందా అనిపించింది.

ఆవిడ తాతల తాత పోలండ్ నుంచి ఓడలో వచ్చాడు. డునెడిన్ దగ్గర రైలు పట్టాలు వేసే పనికి చాలా కుటుంబాలు అలాగే వచ్చాయట. వచ్చినవాళ్ళ పేర్లకు ఇక్కడివాళ్ళ నోరు తిరగక, ఆఫీసుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నారు. కొందరు విసిగి పేరును సగానికి కోసుకున్నారు. కొందరు పూర్తిగా ఇంగ్లీషు పేరే పెట్టుకున్నారు. ఆవిడ తాతల తాత మాత్రం ఒక్క అక్షరం వదల్లేదు. వాళ్ళ నాన్నను బడిలో ఆ పేరు పెట్టే ఏడిపించారు. ఆవిడ నర్సుగా చేరినప్పుడు, కోటు మీద అంత పొడుగు పేరెందుకు, చిన్నది చేసుకోరాదా అని పైవాళ్ళు అడిగారట. మరి మీరేమన్నారు అని అడిగాను.

"ఏమీ అనలేదు. రోగులు చదివేదాకా మంచం పక్కన నిలబడేదాన్ని. అందరూ నేర్చుకున్నారు."

నాకు ఆ మాట చాలా నచ్చింది. మా అల్లుడి ఇంటిపేరు కూడా పొడుగే. ఆఫీసులో చేరిన వారానికే మొదటి ముక్క ఉంచి మిగతాది తీసేశాడు. అతన్ని తప్పుపట్టను, రోజుకు పది ఫోన్లు మాట్లాడేవాడు. కానీ గొంతు పెంచకుండా, విసుక్కోకుండా ఒక మనిషి బతుకంతా అవతలివాడు నేర్చుకునేదాకా ఆగడం చిన్న సంగతి కాదు.

డునెడిన్‌లో వాళ్ళ కుటుంబం సమాధి ఉంది. ఒకే రాయి మీద తాతలనాటి నుంచి వరసగా పేర్లు. చివర వాళ్ళ నాన్న ఆవిడ కోసం కాస్త చోటు వదిలించాడు. బతికుండగానే ఆ పని చూసుకోవాలని ఆవిడ అక్కడి రాళ్ళు చెక్కే అతనితో మాట్లాడుకుంది. తన పేరు, దాని కింద 'ఈ ఇంటిపేరుకు చివరి మనిషి' అని ఒక వరస. చెక్కమని చెప్పబోయేటప్పుడు అనుమానం వచ్చింది. ఈ దేశంలో చివరిదాన్నే, సరే. పోలండ్‌లో ఎవరైనా ఉంటే? మందు సీసా మీద రాసింది రెండుసార్లు చదవనిదే రోగికి ఇవ్వని మనిషి ఆవిడ. సమాధి రాయి మీద అబద్ధం ఉండకూడదంది. నేను చివరిదాన్నా కాదా, అది తెలుసుకుని చెక్కిస్తాను అంది. అప్పట్నుంచి అదే ధ్యాస.

ఒక ఆదివారం మా అల్లుడు మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడెంతమంది ఉన్నారో చూపించే పోలండ్ మ్యాప్ తీశాడు. ముందు అక్కడ బాగా వాడుకలో ఉన్న పేరొకటి కొట్టి చూపించాడు. దేశమంతా రంగు నిండిపోయింది. తర్వాత ఆవిడది కొట్టాడు. మ్యాప్ మొత్తం తెల్లగా ఉండి, ఉత్తరాన ఒక్క చిన్న ముక్కకు లేత రంగు వచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని ఆ ముక్క మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. మా మనవరాలు స్క్రీన్ మీద మచ్చ పడుతుందని గొణిగితే కళ్ళతోనే ఊరుకోమన్నాను.

ఇక్కడి పోలిష్ వాళ్ళ సంఘంలో ఒకావిడ సాయం చేసి, ఆ ప్రాంతంలో ఆ ఇంటిపేరున్న ఒక ముసలాయన్ని వెతికి పట్టుకుంది. భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఆ కూతురు బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ కావడం మా అదృష్టం. వీడియో కాల్ కుదిరింది. ఒక్కతే కూర్చోవడానికి భయమేసి ఆవిడ నన్ను పిలిచింది. వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పిన కథ ఒకటుంది. వాళ్ళ మూలపురుషుడు ఒక జమీందారు దగ్గర వేట డేగల్ని పెంచేవాడనీ, ఇంటిపేరు దానివల్లే వచ్చిందనీ. ముసలాయన అది విని తల అడ్డంగా ఊపాడు. డేగా లేదు, జమీందారూ లేడు. అది ఒక ఊరి పేరు. నాలుగిళ్ళ పల్లె. పేరుకు అర్థం చిత్తడి నేల. మావైపు బాడవ అంటామే, అలాంటిది. విచిత్రమేమిటంటే ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు వాళ్ళు ఎప్పుడూ ఒక్కరూ లేరని కూతురు చెప్పింది.

ఆవిడ మొహం పాలిపోయింది. ఊళ్ళోనే లేకపోతే ఆ ఊరు మాదెలా అవుతుంది అని నావైపు తిరిగింది. ఇది మాత్రం నాకు తెలిసిన విషయం. మాలో సగం ఇంటిపేర్లు ఊళ్ళవే. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఎవరూ ఊరి పేరుతో పిలవరు, అక్కడ అందరిదీ అదే ఊరు. పొట్ట చేతపట్టుకుని ఇంకోచోటికి పోతే అక్కడివాళ్ళు ఫలానా ఊరివాడు అంటారు. అదే పిల్లలకు ఇంటిపేరవుతుంది. ఊరి పేరు ఊరు వదిలినవాళ్ళకే వస్తుంది. చిన్న పల్లె గనక వదిలినవాళ్ళూ కొద్దిమందే. అందుకే మీ పేరు అరుదు, అన్నాను. అయితే మొదటివాడు కూడా మా తాతల తాతలాగే ఇంకోచోటికి వచ్చినవాడన్నమాట అంది ఆవిడ. డేగ పోయినందుకు ఏమాత్రం బాధపడలేదు. కొత్త చీర దొరికినట్టు మొహం వెలిగింది.

చుట్టాలమా కాదా అనే మాట వచ్చింది. చెప్పలేమన్నాడు ముసలాయన. ఒకే ఊరు వదిలిన రెండు వేరే కుటుంబాలకు ఒకే పేరు వచ్చి ఉండొచ్చట. నాకది మింగుడుపడలేదు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళేనని వెనకనుంచి అనేశాను. ఆవిడ నవ్వుతూ ఆ మాట వాళ్ళకు చెప్పింది. ముసలాయన ఏదో అడిగాడు.

కూతురు నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అయితే వెనకాల కూర్చున్న ఆ చీరావిడ మాకేమవుతుందని అడుగుతున్నారు నాన్న."

"పెళ్ళిళ్ళ పేరయ్యనని చెప్పండి," అన్నాను. అది ఇంగ్లీషులో చెప్పడానికి నాకే కొంచెం సమయం పట్టింది. అక్కడికి చేరాక మాత్రం ఆయన పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వాడు.

డునెడిన్‌కి ఫోన్ చేసి, రాయి మీద ఆ చివరి మనిషి వరస ఇక వద్దని చెప్పింది ఆవిడ. తర్వాత ఆదివారాల్లో మాట్లాడుకునేవాళ్ళు. చలికాలంలో ఆ ముసలాయన పోయాడు. కూతురు ఫోన్ చేసి చెప్పిందట. మర్నాడు ఆవిడ కంచె దగ్గరికి వచ్చి నాకు చెప్పింది. ఆయనకు కొడుకుల్లేరు. కూతురికి మొగుడి ఇంటిపేరు. మ్యాప్‌లో కనబడ్డ మిగతా ఒకరిద్దరూ ఎప్పుడో పోయారని కూతురు విచారించి తెలుసుకుంది. మ్యాప్ పాతది.

"ఇప్పుడు అనుమానం లేదు. నేనే చివరిదాన్ని. రేపు డునెడిన్‌కి ఫోన్ చేసి చెక్కెయ్యమంటాను," అంది.

ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చేసింది. "రేపు చెయ్యకూడదు. మీకు మైల."

చెప్పాక వివరించక తప్పలేదు. మాలో ఇంటిపేరు వాళ్ళు పోతే, మొహం ఎన్నడూ చూడకపోయినా సరే, మైల పాటిస్తారు. తలమీద నీళ్ళు పోసుకుంటారు. పదో రోజు వెళ్ళేదాకా కొత్త పనేదీ మొదలుపెట్టరు. మొదట్లో పొయ్యి వెలిగించరు, పక్కవాళ్ళు వండి తెస్తారు. మా అమ్మాయి ఇంట్లోంచి విని బయటికొచ్చింది.

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావ్? ఆంటీ వాళ్ళకి మైల ఏంటి? వాళ్ళ మతం వేరు, గోత్రాలు లేవు. అసలు రిలేషనే ప్రూవ్ అవ్వలేదు. పాపం ఆవిణ్ణి కన్ఫ్యూజ్ చెయ్యకు."

అమ్మాయి అన్నది నిజమే. నాకు మొహం చెల్లలేదు. ఆవిడ మాత్రం మా అమ్మాయిని ఆపింది.

"మా అమ్మ పోయినప్పుడూ, నాన్న పోయినప్పుడూ నేను నాలుగో రోజు డ్యూటీకి వెళ్ళాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. మీ అమ్మను చెప్పనియ్యి."

అలా ఒక క్రైస్తవ ఇంట్లో, నూరు మైళ్ళు కాదు, భూమి అవతలి కొసన పోయిన మనిషికి మైల పట్టింది. నేను అన్నం, పప్పు, చారు తీసుకెళ్ళేదాన్ని. చారు టీ కప్పులో పోసుకుని తాగేది. బాగుందని చెప్పి, మిరియాలు కాస్త తగ్గించమంది. రాయి సంగతి ఎత్తలేదు. మాటంటే మాటే.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం నేను గిన్నెలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు పోలండ్ నుంచి కూతురి ఫోన్ వచ్చింది. తండ్రి ఇల్లు సర్దుతూ చేసింది. తలుపు మీద నాన్న పేరుంది, దాన్ని తీసేస్తే ఇక ఆ పేరుతో నాకేం సంబంధం ఉంటుంది, నేనెప్పుడో వేరే ఇంటిదాన్ని అయిపోయాను అని ఏడ్చింది. ఆవిడ ఏమనాలో తెలియక నావైపు చూసింది.

పెళ్ళయితే మాకూ ఇంటిపేరు మారుతుందని చెప్పాను. కానీ పుట్టింటి పేరు పోదు. ముసలయ్యేదాకా, పోయాక కూడా, ఫలానావారి ఆడపడుచు అంటారు. మొగుడి పేరు తెలియనివాళ్ళు కూడా ఆ మాటతోనే గుర్తుపడతారు. మగపిల్లలు లేని ఇంటికి ఆడపడుచే గుర్తు. ఆవిడ నా మాటల్ని సరిచేసి కూతురికి చెప్పింది. అటువైపు ఏడుపు ఆగింది. ఆ ఇద్దరూ ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. గిన్నెలు కడుగుతున్నాను.

ఫోన్ పెట్టేశాక ఆవిడ వంటింట్లోకి వచ్చింది. "మరి మీరు ఎవరి ఆడపడుచు?"

ఈ దేశంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మా పుట్టింటి పేరు చెప్పాను. ఆవిడకు నోరు తిరగలేదు. నేను గిన్నె కింద పెట్టి, ఆవిడకు వచ్చేదాకా నిలబడ్డాను.

మైల తీరిన మర్నాడు ఆవిడ డునెడిన్‌కి ఫోన్ చేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. తన పేరు చెప్పి, కింద వరస మారిందంది. ఆడపడుచు అనే మాటకు ఇంగ్లీషులో సరైన మాట మాకు దొరకలేదు. చివరికి 'ఈ ఇంటి కూతురు' అని రాయించుదామనుకున్నాం. రాళ్ళు చెక్కే అతను రాసుకుని, మరి ఆ చివరి మనిషి అన్న ముక్క కూడా దాని కింద ఉంచాలా అని అడిగాడు.

"వద్దు, అది నిజం కాదు," అంది ఆవిడ. "పోలండ్‌లో ఇంకో కూతురుంది. మేం ఇద్దరం ఉన్నాం."