దూది తాత

మ్యూజియంలో పాత చిత్రాలు శుభ్రం చేసే పెద్దాయన్ని అందరూ దూది తాత అంటారు. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి మురికి తుడవడం ఇదే మ్యూజియంలో పనిచేసిన తండ్రి నేర్పిన పని. "ఉమ్ములో మురికిని విడగొట్టే గుణముంది తాతా, మీ నాన్న బడికెళ్లని సైంటిస్టు!" అనేది ల్యాబు అమ్మాయి.

ఒకరోజు ఆమె, తర్వాత పూసిన రంగును పట్టిచ్చే నీలి దీపం వేయగానే, ఓ తల్లీబిడ్డల చిత్రంలో తల్లి చెంప మీద నల్లటి మచ్చ తేలింది. "ఇది అసలు రంగు కాదు. తర్వాత ఎవరో పూశారు, తీసెయ్యాలి."

"ఎవరో కాదమ్మా, మా నాన్న. చెంప వెలిసిందని పూశాడు." ఊపిరి బిగబట్టి కుంచె కదిపే ఆ మనిషి తాత కళ్లముందు మెదిలాడు. ఆయన చేతి రంగు మిగిలింది అక్కడొక్కచోటే.

"పోనీ, ఉంచేద్దామా?"

"వద్దు. బొమ్మ ఆయనది కాదుగా."

ఆమె కలిపిచ్చిన మందుతో సాయంత్రం దాకా తుడిచాడు. అడుగున అసలు చెంప లేతగా బయటపడింది. రంగంటిన దూదిని మాత్రం బుట్టలో వెయ్యకుండా కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు.