ఆమెన్ అనని ప్రార్థన

1958 జూన్‌లో నన్ను వికారాబాద్ నుంచి తాండూరు వైపున్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రికి, మగవాళ్ల వార్డు సిస్టరుగా బదిలీ చేశారు. పద్దెనిమిది మంచాలు, ఒక డాక్టరమ్మ, ఒక కాంపౌండరు. మంచాలకూ మందులకూ రిజిస్టరుకూ వార్డు సిస్టరే జవాబుదారీ. పొద్దున జ్వరాలు చూసి చార్టులో ఎక్కించాక వార్డు ప్రార్థన జరిగేది. ఆస్పత్రి బోధకుడు వాక్యం చదివేవారు, రోగుల తాలూకు వాళ్లలో ఒకరు ప్రార్థించేవారు, చివర అందరం ఆమెన్ అనేవాళ్లం. ప్రార్థనంటే కృతజ్ఞత చెప్పడమేనని మా అందరి అలవాటు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, బంట్వారం వైపు పల్లె నుంచి యాకోబు అనే కూలీని ఎడ్లబండి మీద తెచ్చారు. కుడి ముంజేయి విరిగింది. వెంట తల్లి బాలమ్మ, ఆ ఊరి పటేల్ మనిషి ఒకడు. డాక్టరమ్మ ఆ రోజు కుల్కచర్ల క్యాంపులో ఉన్నారు. బండి మీంచి పడ్డాడని పటేల్ మనిషి చెబితే కాంపౌండరు అదే రాశాడు. తల్లిని ఎవరం అడగలేదు. చేతికి బద్దలు కట్టించి నేను రిజిస్టరులో సంతకం పెట్టేశాను. మనిషిని బోర్లా తిప్పి చూడలేదు. తప్పు నాదే. కొట్టిన గాయమని రాస్తే ఆ రోజే ఠాణాకు ఇత్తిలా, అంటే సమాచారం, పంపాలి. పడ్డాడని రాస్తే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

మర్నాడు ప్రార్థన వంతు బాలమ్మకు వచ్చింది. ఆమె మోకరించలేదు. కొడుకు మంచం పక్కన నిలబడి, రొమ్ము బాదుకుంటూ గొంతెత్తింది.

"ప్రభువా, నువ్వు జూసినవా లేదా? వెట్టికి రానన్నడని పటేల్ నా కొడుకును గుంజకు కట్టేసి కట్టెలతోని కొట్టిచ్చిండు. ఊరంత జూసింది, ఒక్కలు మాట్లాడలె. నువ్వు గూడ మాట్లాడవా? గట్లయితే మేమెవలికి చెప్పుకోవాలె?"

బోధకుడు కంగారుపడి, వాళ్లను క్షమించమని ప్రార్థించమ్మా అన్నారు.

"మాఫీ సంగతి తర్వాత జూద్దం అయ్యగారూ. నా ఏడ్పు ఇంక అయిపోలె," అంది బాలమ్మ. అందరం ఆమెన్ కోసం చూశాం. దేవుడు జవాబు చెప్పేదాకా అననని చెప్పి కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నా మీద. తెర అడ్డం పెట్టి యాకోబును బోర్లా తిప్పించాను. వీపు నిండా జంట గీతలు, గీతల నడుమ చర్మం మామూలుగా ఉంది. కర్ర బలంగా పడితే అలా తేలుతుంది. బండి మీంచి పడితే తేలదు. ఎన్ని గీతలు, ఎక్కడ, ఏ రంగు అన్నీ రాసి, డాక్టరమ్మ రాగానే చూపించాను.

ఠాణాకు చెప్పొద్దని బోధకుడు అన్నారు. ఆస్పత్రి కట్టడానికి బండలు తోలించింది ఆ పటేలేనట. డాక్టరమ్మ ఆయనతో వాదించలేదు. ఇదంతా పోలీసుల ముందు చెబుతావా, భయం లేదా అని బాలమ్మనే అడిగారు.

"దేవుణ్నే నిలదీసినదాన్ని, జమేదారు ముందల భయపడ్తనా?"

డాక్టరమ్మ రిజిస్టరులో పాత మాట మీద ఒకే గీత గీశారు. కింది అక్షరాలు కనబడాలి. చెరిపితే కోర్టులో చిక్కు. పక్కన అసలు సంగతి రాసి, సంతకం, తేదీ వేసి, ఇత్తిలా పంపారు. సాక్షిగా నేనూ సంతకం పెట్టాను.

యాకోబు ఉన్న ఆరు వారాలూ బాలమ్మ అలాగే ప్రార్థించింది. పక్క మంచం మీది గొల్ల ముసలాయన, చర్చి ముఖం ఎరగనివాడు, ఒకరోజు లేచి తన బాధ కూడా అదే దేవుడికి చెప్పుకున్నాడు. బోధకుడు తల పట్టుకున్నారు.

కోర్టులో పటేల్ వకీలు, ఆ తల్లి ఏడ్చి ఏడ్చి నర్సు మనసు మార్చిందన్నాడు. అవును, మార్చింది, అన్నాను. వీపు మీద గీతలు మాత్రం ఏడుపు వల్ల తేలలేదని కూడా చెప్పాను.

కొట్టిన ఇద్దరికి శిక్ష పడింది. కొట్టించిన పటేల్ బయటపడ్డాడు. సంవత్సరం తిరక్కుండా నన్ను వికారాబాద్‌కు తిప్పి పంపారు. సిస్టరుకు నోరెక్కువ అని ఫైల్లో రాశారట, అబద్ధమేమీ కాదు. తీర్పు రోజు కోర్టు బయట, ఇప్పుడైనా ఆమెన్ అంటావా అని బాలమ్మను అడిగాను.

"పటేల్ ఇంటికాడనే ఉన్నడు గద సిస్టరమ్మా. నేనింక ఏడ్చేదున్నది," అంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఏ రోగినీ తిప్పి చూడకుండా సంతకం పెట్టలేదు. వార్డులో ఏడ్చినవాళ్లను ఊరుకోమనలేదు. ఏం జరిగిందో అడిగి రాసుకున్నాను.