యూరప్ డబ్బుతో కట్టిన బెల్లం పొయ్యి

"నా సరుగుడు కర్రలు పొయ్యిలో ఎందుకెట్టేవు సన్నాసీ?"

"మరేటి సెయ్యమంతావు వదినా? మొన్నటి వానకి పిప్పి పచ్చిగా ఉండిపోనాది. ఎడితే పొగ లేత్తాది. అంత దూరం నుంచొచ్చినోళ్ళ మొకాన పొగ కొట్టమంతావేటి?"

"కొట్టనీ. ఆళ్ళు సూడ్డానికొచ్చిందే పొగని."

"బాగుంది. నీ గానుగ కాడికి సుట్టాలొత్తే దగ్గించి పంపమంతావు. రేపు ఊళ్ళో ఎవుడి పరువు పోద్ది, నాదా నీదా?"

"పరువుకి నా పసువుల సాల కర్రలే దొరికేయా? రేపు సాలకి గుంజలేటి, నీ కాళ్ళు పాతుతావా?"

కిందటి సీజనులో ఒక సాయంత్రం మా గానుగ దగ్గర జరిగిన తగువు ఇది. నేను మొదట ఏడ్చింది నా కర్రల కోసమే. అసలు నష్టం వేరేచోట జరిగిందని ఆ క్షణానికి నాకు తెలియదు.

మాది అనకాపల్లిని ఆనుకున్న పల్లె. మా ఆయన పోయాక గానుగ నేనే నడుపుతున్నాను. సన్యాసి ఆయనకి పినతండ్రి కొడుకు, పొయ్యి ముందు కూర్చుని మంట చూసే పని అతనిది. నా చదువు మూడో తరగతి దాటలేదు. అయినా బెల్లం ఎలా వండుతారని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి ఆ పని సంగతీ, దానితో పాటు ఈ సంగతీ రాస్తున్నాను.

గానుగలో చెరుకు ఆడితే రసం ఒక పక్క, తుక్కు ఒక పక్క పడతాయి. ఆ తుక్కునే పిప్పి అంటాం. రసాన్ని పెద్ద పెనంలో పోసి కాస్తే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసేస్తూ పాకం వచ్చేదాకా మరిగించి, దించి, ఆరబోసి, దిమ్మలు కడతాం. కాయడానికి పిప్పే వంటచెరుకు. చెరుకు తన మంటతో తానే ఉడుకుతుందన్నమాట, బయటనుంచి పుల్ల కొనక్కర్లేదు. కాకపోతే పాత పొయ్యి పిప్పినంతా మింగేసి పొగ మా మీదికి వదిలేది. గానుగ దగ్గర పనిచేసిన ఆడవాళ్ళలో కళ్ళు మండనివాళ్ళని, రాత్రిళ్ళు దగ్గనివాళ్ళని నేను చూడలేదు.

ఆ పొయ్యి మారుస్తామని వచ్చిన పిల్ల నూకరత్నం. నక్కపల్లి అవతల సముద్రపొడ్డు ఊరు. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపల గంప ఎత్తుతుంది. ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం దొరక్క రొయ్యల కంపెనీలో తూకం దగ్గర నిలబడేదట. అక్కడినుంచి ఈ ప్రాజెక్టులోకి వచ్చింది. విశాఖపట్నం కాలేజీ ఒకటి, యూరప్ దేశాల కాలేజీలు కొన్ని కలిసి చేస్తున్న ప్రాజెక్టు అది. ఒక దేశంవాళ్ళు పొయ్యి బొమ్మ గీశారు, ఇంకో దేశంవాళ్ళు లోపలి ఇనప సామాను తయారు చేశారు, కట్టి చూడ్డానికి మా గానుగ దొరికింది. మన సర్కారు కూడా కొంత వేసిందట గానీ ఎక్కువ డబ్బు యూరప్‌దే.

నేను ఒప్పుకునేముందు గట్టిగానే అడిగాను. "ఎక్కడో దేశాలోళ్ళు మన పొయ్యికి డబ్బెందుకేత్తారే? ఆళ్ళకేటొత్తాది? రేపొద్దున్న నా గానుగ రాసియ్యమంతే?"

రత్నం నవ్వింది. "మా ఊళ్ళో అలివి వల లాగుతారు మామ్మా. శానా పెద్ద వల. ఒక ఇల్లు కొనలేదు, ఒక ఇల్లు లాగలేదు. అందరూ తలా ఇంత ఏసుకుని కొంతారు, అందరూ కలిసి తాడట్టుకుంతారు. ఆ దేశాలు కూడా అలాగే కలిసి ఒక నిధి ఎట్టుకున్నాయి. ఆళ్ళ జనం కట్టిన పన్నులే అయ్యి. ఇదిగో ఈ ఇబ్బందికి ఉపాయం కావాలని ఒక చాటింపు ఏత్తారు. దాన్ని కాల్ అంతారు. ఒక్కడెళ్ళి అడిగితే ఇవ్వరు. కొన్ని దేశాలోళ్ళు జట్టు కట్టి రావాల. ఆ జట్టుని కన్సార్టియం అంతారు."

"మరి సేపలెవురికి?"

"అందరికీ. ఈ పొయ్యి బొమ్మా, ఇది ఎలా మండిందో ఆ లెక్కా అందరికీ కనపడేలాగ ఎట్టేత్తారు. పైసా ఇవ్వకుండా ఎవురైనా తీసుకుని కట్టుకోవచ్చు. నీ గానుగ నీదే."

ఊరికే వచ్చేదాన్ని నేను తొందరగా నమ్మను. కానీ ఆ పిల్లని నమ్మాను. తొలి బస్సుకే దిగేది. ఏమైనా తిన్నావా అంటే తిన్నానని అబద్ధమాడేది. చోడి అంబలి, అదే రాగి జావ, చేతికిచ్చి, తాగాకే పొగ కొలిచే మీటరు ముట్టుకోమనేదాన్ని. ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చేది. ఎందుకు తేవడం, ఇంట్లోవాళ్ళు తినొద్దా అని కసిరి, వేయించి ఆ పిల్ల పళ్ళెంలోనే వేసేదాన్ని.

కొత్త పొయ్యి కట్టాక, సీజను నడుమ రివ్యూ వచ్చింది. ఇచ్చిన డబ్బుకి ఒప్పుకున్న పని జరిగిందో లేదో చూసి రాయడానికి జట్టుతో సంబంధం లేని బయటి మనిషిని పంపుతారు. ఆ మనిషిని రివ్యూయర్ అంటారు. మాకు వచ్చింది పోర్చుగల్ నుంచి ఒక పెద్దావిడ. పచ్చి పిప్పితో కూడా ఈ పొయ్యి తక్కువ పొగతో మండాలన్నది మొదటి దశలో ఒప్పుకున్న మాట. అది జరిగిందని ఆవిడ రాస్తే రెండో దశ మొదలవుతుంది, అందులో రత్నానికి పీహెచ్‌డీ సీటు ఉంది. లేదని రాస్తే మా గానుగ దగ్గర పని ఆగిపోతుంది, రత్నం మళ్ళీ రొయ్యల తూకానికి.

ఆ రోజు పొయ్యి దివ్యంగా మండింది. చిమ్నీ దగ్గర మీటరు చూసి ఆవిడ రత్నం భుజం తట్టింది. రేపు పొద్దున్న వచ్చి ఆఖరి మాటలు మాట్లాడి వెళ్తామని ఆవిడా, రత్నం కాలేజీ సారూ కారెక్కారు. పొయ్యి నోరు గోడకి ఇవతల గోతిలో ఉంటుంది. అక్కడ సన్యాసి ఏం వేస్తున్నాడో చిమ్నీ వైపు నిలబడ్డవాళ్ళకి కనపడదు. వాళ్ళు వెళ్ళాక బూడిద తీస్తుంటే కాలీకాలని సరుగుడు మొదళ్ళు నాకు కనపడ్డాయి. పైన రాసిన తగువు అప్పటిదే.

మా అరుపులకి రత్నం గోడ చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో మొదళ్ళు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

"తాతా, కర్రలు ఎప్పుడెట్టేవు?"

"ఆళ్ళు కారు దిగినకాణ్ణించి."

"ఎంతసేపెట్టేవు?"

"పెనం దించేదాకా. సూడు పిల్లా, ఎంత బాగా మండిందో. ఆ తెల్లావిడ ఎంత సంబరపడిపోనాదో."

రత్నం నా చేతిలోంచి ఒక మొదలు తీసుకుని తిప్పి చూసింది. "పిప్పితో మండాల తాతా. ఆవిడ సూడ్డానికొచ్చింది అదే."

సన్యాసి మొహంలో రంగు పోయింది. "నానేటి ఎరుగుదును? సుట్టాలనుకున్నాను. సుట్టాలకి పొగెడతామేటి?"

అతన్ని ఏమని తిట్టను? మా ఊళ్ళో అందరం అంతే. ఇంటికి మనిషి వస్తే నులక మంచం దాచి ఎవరి పరుపో అడిగి తెచ్చి వేస్తాం.

"రేపు పొద్దున్న ఆవిడకి సెప్పెయ్యాల మామ్మా," అంది రత్నం.

"నోరు మూసుకో," అన్నాను. "ఎవుడికి తెలుసు? నువ్వు, నాను, ఈ సన్నాసి. పొయ్యి మంచిదే కదే. రేపు పిప్పి ఎండితే ఇలాగే మండుద్ది."

"మండొచ్చు. మండకపోవచ్చు. మనం సూడనేదు కదా."

"సీటు పోద్దే పిచ్చిదానా. మళ్ళీ ఆ అయిసుగడ్డల్లో నిలబడతావా?"

"భయంగానే ఉన్నాది." చున్నీ కొస వేళ్ళకి చుట్టుకుంటూ అంది. "కానీ మామ్మా, ఈ లెక్క అందరికీ ఎట్టేత్తారని సెప్పేను కదా. రావికమతంలోనో, ఇంకే దేశంలోనో నీలాటి మామ్మ ఒకామె అది సూసి, నమ్మి, ఉన్నదంతా ఊడ్చి ఈ పొయ్యి కట్టుకుంతాది. ఆమె కాడ సరుగుడు కర్రలుండవు. పచ్చి పిప్పి ఎడతాది. పొగొత్తాది. అప్పుడామె ఎవుర్నడగాల?"

ఒకరి మాట మీద రూపాయి తీసే మనిషిని కాను నేను. అలాంటి నన్ను కూడా నమ్మించి డబ్బు పెట్టించే కాగితం మీద మా గానుగ పేరు ఉంటుంది. ఎవరో నాలాంటిది చెంగు ముడి విప్పడం కళ్ళకి కట్టింది. ఇన్నేళ్ళుగా పాకం ముదిరిన దిమ్మని కూడా ముదిరిందని చెప్పే అమ్మాను. అతిథికి మంచిది తీసిపెట్టడం మర్యాదే. పరీక్ష చూడ్డానికి వచ్చిన మనిషికి మాత్రం ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. ఈ వయసులో ఈ రెంటికీ తేడా ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను.

"మీ సారుకి ఫోన్ సెయ్యి ముందు," అన్నాను.

చేసింది. నువ్వే చెప్పమ్మా, నేను పక్కనుంటాను అన్నాడట సారు. ఆ రోజు దాన్ని ఇంటికి పోనివ్వలేదు. అన్నం కెలుకుతుంటే కసిరి ముద్దలు కలిపి పెట్టాను. చిన్నపిల్లలాగ తింది.

మర్నాడు పొద్దున్నే పోర్చుగల్ ఆవిడ, సారు వచ్చారు. కుర్చీలు వేసేలోపే రత్నం ఇంగ్లీషులో చెప్పేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి ఏదో అడిగింది.

"ఎందుకు కర్రలెట్టేరని అడుగుతోంది తాతా," అంది రత్నం.

సన్యాసి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "పొగ నీ కళ్ళలో పడుద్దని ఎట్టేనమ్మా. ఈ పిల్లకేటీ తెలీదు."

రత్నం అది కూడా ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కారుని సాయంత్రానికి రమ్మని వెనక్కి పంపేసి, ఇప్పుడు పిప్పితోనే మళ్ళీ వండమంది. ఈసారి తను గోతి దగ్గరే నిలబడింది. పచ్చి పిప్పి మంట అందుకోవడానికి తిప్పలు పెట్టింది. పొగ వచ్చింది. పాత పొయ్యి అంత రాలేదు, ఒప్పుకున్నంత తక్కువగానూ రాలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంది. పెనం దిగాక వేడి బెల్లం ఆకు మీద పెట్టిస్తే ఊదుకుంటూ తింది.

వెళ్ళేముందు చెప్పిన మాటని రత్నం నాకు తెలుగు చేసింది. మొదటి దశ పూర్తి కాలేదని రాస్తుంది. నిన్నటి లెక్క కొట్టేసి, ఎందుకు కొట్టేశారో కూడా రాస్తుంది. రెండో దశ ఇప్పుడు లేదు, పీహెచ్‌డీ సీటు కూడా లేదు. పచ్చి పిప్పికి పొయ్యి నోరు మార్చి చూడ్డానికి ఇంకో సీజను గడువు ఇవ్వమని రాస్తుంది, ఆ పనికి ఈ అమ్మాయినే ఉంచమంటుంది.

కారు మలుపు తిరిగాక రత్నం వాళ్ళమ్మకి ఫోన్ చేసి, "ఇంకో సీజను ఇక్కడే అమ్మా," అని చెప్పి కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, కొబ్బరి పీచు తీసుకుని పెనం తోమడానికి కూర్చుంది. అది దాని పని కాదు. నేను వద్దనలేదు. చీర ఎగదోపుకుని రెండో వైపు నేను తోమాను.